పంటి నరం బయటపడితే పన్ను పోయినట్టేనా?

దంత విభాగానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు తరచుగా అనే మాట ఒకటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, "డాక్టరమ్మగారూ, వీడికి వెనక పన్ను పుచ్చిపోయిందండీ. పాలపన్నే కదా, పీకేయండి, మళ్లీ వస్తుంది" అంటారు. నోరు తెరిపించి చూస్తే చాలాసార్లు అది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వరుసకు వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను. ఏదీ ఊడలేదు కాబట్టి అది కొత్తగా వచ్చిందనే సంగతి ఇంట్లో ఎవరూ గమనించరు. దాన్ని పీకితే మళ్లీ రాదు.

ఆ పన్నులో పుచ్చు లోతుగా దిగి, నరం దాకా పోయిందనుకోండి. అప్పుడేం చేయాలన్నదే ఈసారి పాఠం.

పంటికి పైన కనిపించే తెల్లని గట్టి పొర ఎనామిల్. దాని కింద కాస్త పసుపు రంగులో డెంటిన్ అనే పొర. ఆ లోపల చిన్న గదిలాంటి చోట మెత్తని గుజ్జు ఉంటుంది. మనం "నరం" అనేది ఈ గుజ్జునే. నిజానికి అందులో నరాలే కాదు, రక్తనాళాలు, పంటిని కట్టే కణాలు కూడా ఉంటాయి. పన్ను చిగురు దాటి బయటికి వచ్చాక కూడా దాని వేరు పూర్తిగా తయారు కావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. ఆ పని చేసేది ఈ గుజ్జే. ఏడేళ్ల పిల్లవాడి పంట్లో గుజ్జు చచ్చిపోతే వేరు పొట్టిగా, పలుచగా, కొన తెరుచుకునే ఉండిపోతుంది. అలాంటి పన్ను తరువాత చిన్న దెబ్బకే విరగవచ్చు.

పిప్పి తీస్తుండగానో, సైకిలు మీద నుంచి పడి పన్ను విరిగినప్పుడో గుజ్జు బయటపడుతుంది. సూదిమొనంత రంధ్రం, అందులో ఎర్రని రక్తపు చుక్క. అది కనబడితే ఇక ఆ గుజ్జు బతకదని చాలాకాలం అనుకునేవారు. 1965లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ ఆలోచనను మార్చింది. మామూలు ఎలుకల పళ్లలో గుజ్జును తెరిచి వదిలేస్తే అది కుళ్లిపోయింది. సూక్ష్మజీవులు ఏమాత్రం లేని చోట పెంచిన ఎలుకల్లో, తెరిచిన రంధ్రంలో మేత ఇరుక్కున్నా సరే, గుజ్జు బతికి, ఆ రంధ్రానికి అడ్డంగా కొత్త డెంటిన్ గోడ కట్టుకుంది. అంటే గుజ్జును చంపుతున్నది గాయం కాదు, దాని వెంట లోపలికి వెళ్లే క్రిములు. క్రిములు చొరబడకుండా మూయగలిగితే గుజ్జు తనను తానే బాగుచేసుకుంటుంది.

దేనితో మూయాలి? చాలా దశాబ్దాలు కాల్షియం హైడ్రాక్సైడ్ అనే సున్నపు మందు వాడారు. అది పనిచేస్తుంది గాని కాలం గడిచేకొద్దీ కరుగుతుంది. కింద ఏర్పడే గోడలోనూ సన్నని సొరంగాలు మిగిలిపోతుంటాయి. అమెరికాలో సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘం నడిపే లోమా లిండా విశ్వవిద్యాలయంలో డాక్టర్ మహమూద్ తొరాబినెజాద్ 1990ల మొదట్లో వేరొక పదార్థాన్ని తయారుచేశారు. దాని పేరు ఎమ్.టి.ఎ. 1998లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి పొందింది. దాని మూలం ఏమిటో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే! మనవాళ్లు పళ్లలో పెట్టే ప్రతి మందునూ "సిమెంటు" అంటారు కదా, ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజం. అలాగని మేస్త్రీ కలిపే సిమెంటు కాదండోయ్. శుద్ధిచేసి, మెత్తగా పొడిచేసి, ఎక్స్‌రేలో కనబడేందుకు బిస్మత్ ఆక్సైడ్ కలిపినది.

దీన్ని సిరామిక్ పదార్థం అంటారు. సిరామిక్ అనగానే పంటి పైన తొడిగే తెల్లని క్యాపు గుర్తొస్తుంది గాని ఇది వేరు. ఇది కాల్షియం సిలికేట్ పొడి. నీటితో కలిపితే గట్టిపడుతూ సున్నాన్ని వదులుతుంది. ఆ క్షారం అక్కడ మిగిలిన క్రిములను అణచివేస్తుంది. గుజ్జులోని కణాలు ఆ పొర కిందికి చేరి కొత్త డెంటిన్ కట్టడం మొదలుపెడతాయి. తడిలోనే గట్టిపడటం దీని గొప్పతనం. రక్తం, ఊట ఉండే చోట మిగతా మందులు సరిగా అతుక్కోవు.

లోపాలు లేవని కాదు. ఎమ్.టి.ఎ. గట్టిపడటానికి రెండున్నర గంటల పైనే పడుతుంది. బిస్మత్ వల్ల పన్ను బూడిదరంగుకు తిరగవచ్చు, అందుకే ముందు పళ్లలో వాడటానికి వెనకాడతాము. తరువాత వచ్చిన బయోడెంటిన్ అనే రకంలో బిస్మత్ బదులు జిర్కోనియం ఆక్సైడ్ ఉంటుంది. అది సుమారు 12 నిమిషాల్లో గట్టిపడుతుంది. రెండూ మామూలు ఫిల్లింగు కంటే ఖరీదే. అయినా రూట్ కెనాల్ చేయించి క్యాపు వేయించడంతో పోలిస్తే సాధారణంగా తక్కువే అవుతుంది.

అందరికీ ఇది నప్పుతుందా అంటే, మీ నొప్పి తీరును బట్టి చాలావరకు చెప్పవచ్చు. చల్లనీళ్లు తాగగానే జివ్వుమని, వెంటనే తగ్గిపోతే గుజ్జు ఇంకా కోలుకునే స్థితిలో ఉందని అర్థం. ఏ కారణమూ లేకుండా పోటు రావడం, రాత్రి నిద్రలోంచి లేపడం, వేడి తగిలితే చాలాసేపు సలపడం ఉంటే గుజ్జు బాగా వాచిందన్నమాట. అప్పుడు పైన మూత వేస్తే చాలదు. వాచిన భాగాన్ని తీసి మిగిలిన దానిమీద ఇదే సిమెంటు వేయడమో, రూట్ కెనాలో అవసరమవుతుంది. ఇక్కడే లవంగ నూనె చేసే మేలు, కీడు రెండూ ఉన్నాయి. నొప్పి తగ్గుతుంది, నిజమే. కాని తగ్గింది కదా అని మూడు నెలలు ఊరుకుంటారు. మొదటి రకం నొప్పి రెండో రకంగా మారేది ఆ మూడు నెలల్లోనే.

చికిత్స ఒక్క పూటలో అయిపోతుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ రబ్బరు పొర బిగిస్తాము. పుచ్చు తీశాక, క్రిమిసంహారక మందులో తడిపిన దూదిని రంధ్రం మీద కొద్ది నిమిషాలు ఉంచుతాము. రక్తం ఆగితే మంచి సూచన. అప్పుడు సిమెంటు వేసి, పైన గట్టి ఫిల్లింగుతో మూస్తాము. ఆ పై ఫిల్లింగు ఊడితే లోపల చేసినదంతా వృథా. కాబట్టి అది కదిలినట్టనిపిస్తే నొప్పి లేకపోయినా వెంటనే రండి.

ఉన్నమాట చెప్పాలి. 2013లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, రెండేళ్లలో విఫలమైనవి సున్నపు మందుతో నూటికి దాదాపు 32, ఎమ్.టి.ఎ.తో దాదాపు 20. ఎంత బాగా చేసినా కొన్ని పళ్లకు తరువాత రూట్ కెనాల్ తప్పదు. కొన్నిసార్లు గుజ్జు నొప్పి లేకుండానే చచ్చిపోతుంది. అందుకే బాగానే ఉన్నా ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తీయించుకోమంటాము. ఈలోపు చిగురు మీద చీముపొక్కు లేచినా, రాత్రిపూట పోటు మొదలైనా ఆ గడువు దాకా ఆగవద్దు. పిల్లల పన్నయితే వేరు ఎంత పెరిగిందో పాత, కొత్త ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి మీకే చూపిస్తాము. మొదటి ఎక్స్‌రే ఇంట్లో జాగ్రత్తగా ఉంచి, వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.