విక్రయం కాస్తా ‘వ్రికయం’ అయిన వేళ

ఫ్లెక్స్ షాపులో చేరిన కొత్తలో నాకు తెలిసిన డిజైనంతా ఒకటే: అక్షరాన్ని లావు చెయ్యి, పక్కకి వాల్చు. ఓ బట్టల దుకాణం బ్యానరు మీద ‘ప్రత్యేక విక్రయం’ అని కొట్టి, స్క్యూ చేసి, ఔట్‌లైన్ దట్టించాను. తెర మీద దూసుకుపోతున్నట్టే ఉంది. కట్టాక ఓనరు రోడ్డవతల నిలబడి చూసి, "విక్రయమా, వ్రికయమా తమ్ముడూ?" అన్నాడు. రెండో ప్రింటు ఖర్చు నా జీతంలోంచే.

తప్పు వత్తు దగ్గర జరిగింది. అక్షరాన్ని కుడికి వాలిస్తే పైభాగం కుడికి, అక్షరం నిలబడే గీతకి కిందున్నది ఎడమకి జరుగుతుంది. ఇంగ్లిషులో గీత కిందికి దిగేవి నాలుగైదు అక్షరాలే. మనకి వత్తులన్నీ అక్కడే కాపురం. ‘క్ర’ కిందున్న రావత్తు జరిగి జరిగి ‘వి’ కిందికి చేరింది. ఇక ఔట్‌లైన్ బయటికే కాదు, లోపలికీ పెరుగుతుంది. ‘థ’ కడుపులో చుక్క పూడిపోతే ఎవరికైనా ‘ధ’ అనే కనిపిస్తుంది.

ఇంగ్లిషులో బోల్డ్ ఇటాలిక్ శాన్స్ సెరిఫ్ అంటే వాల్చిన అక్షరం కాదు, వాలుగా గీసిన అక్షరం. ఇంగ్లిషు ‘O’ని యంత్రంతో వాలిస్తే ఒక మూల లావెక్కి, ఎదురు మూల చిక్కిపోతుంది. ఫాంటు గీసేవాళ్లు దాన్ని చేత్తో సరిదిద్దుతారు. పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా 1927లో వచ్చింది. అందులోని వాలు రూపమైన బోల్డ్ ఆబ్లిక్‌ని అమెరికన్ చిత్రకారిణి బార్బరా క్రూగర్ ఎర్ర పట్టీ మీద తెల్లగా పెట్టి, నలుపు తెలుపు ఫొటోల మీద అంటించింది. చూసినవాడిని నిలదీస్తున్నట్టుంటాయి ఆ మాటలు. ఒక్కో పట్టీలో కొద్ది మాటలే ఉంటాయి, గమనించండి.

ఆ గొంతు బైకు షోరూముకి, జిమ్ముకి, కొరియర్‌కి, ‘50%’ లాంటి అంకెకి బాగుంటుంది. అడ్రసుకీ ఫోన్ నంబరుకీ వద్దు. సంతాప బ్యానరు మీద అయితే మరీ అన్యాయం, అదీ చూశాను.

కస్టమరు "తెలుగులో కూడా స్పీడు కావాలి" అంటాడు, తప్పదు. అప్పుడు పుట్టుకతోనే లావైన ఫాంటు తీసుకోండి. రామభద్ర, బాలూ తమ్ముడు రెండూ ఉచితంగానే దొరుకుతాయి. అక్షరాన్ని నిటారుగా ఉంచి, వెనకున్న రంగు పట్టీని పది డిగ్రీలు వాల్చండి. పక్కన ఇంగ్లిషు ఇటాలిక్ ఉంటే పట్టీ వాలు దానితో సరిపోవాలి, లేకపోతే రెండూ కొట్టుకుంటాయి. వరసల మధ్య వత్తులకి చోటు వదలండి.

ఫైలు కర్వ్స్ చేసి పంపేముందు ఒక ఏ4 తీసి గోడకి అంటించి, పదడుగులు వెనక్కి నడవండి. విక్రయం విక్రయంలాగే కనబడితే పంపండి.