వేరుశనగ విత్తనాల కణపొర పటుత్వ నిర్ధారణకు విద్యుత్ వాహకత పరీక్ష

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో వేరుశనగ ముఖ్యమైన యాసంగి పంట. సొంత విత్తనం వాడే రైతులు కాయలను వేసవి, వానాకాలాలు దాటే వరకు నిల్వ చేయవలసి ఉంటుంది. నూనె అధికంగా గల ఈ విత్తనం నిల్వలో త్వరగా మొలకశక్తిని కోల్పోతుంది. ధ్రువీకృత విత్తనానికి కనీస మొలక 70 శాతం. మొలక పరీక్ష పూర్తగుటకు 10 రోజులు పట్టగా, వాహకత పరీక్ష ఒక్క రోజులో విత్తన పటుత్వాన్ని సూచిస్తుంది.

సూత్రం: నిల్వలో కణపొరలలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఆక్సీకరణకు లోనై పొరల అమరిక చెదురుతుంది. అట్టి విత్తనాన్ని నానబెట్టినపుడు పొరలు త్వరగా పూర్వస్థితికి రాలేవు. పొటాషియం వంటి అయాన్లు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు నీటిలోకి స్రవిస్తాయి. వీటిలో విద్యుత్తును ప్రధానంగా మోసేవి అయాన్లే. కనుక నీటి వాహకత ఎంత అధికమైతే పొరల పారగమ్యత అంత పెరిగినట్లు భావించవచ్చు.

విధానం: పగుళ్లు లేని 50 గింజలను తూచి, 250 మి.లీ. అయాన్ రహిత నీటిలో 24 గంటలు నానబెట్టవలెను. ప్రతి నమూనాకు నాలుగు పునరావృత్తులు, విత్తనం లేని నీటి పాత్ర ఒకటి ఉండవలెను. నమూనా విలువ నుండి వట్టి నీటి విలువను తీసివేసి, గింజల బరువుతో భాగించవలెను. ఉదాహరణకు, నమూనా 153, వట్టి నీరు 3 మైక్రోసీమెన్స్, బరువు 25 గ్రాములైతే, ఫలితం గ్రాముకు, సెంటీమీటరుకు 6 మైక్రోసీమెన్స్.

జాగ్రత్తలు: ఒక డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితే వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది, కావున అన్ని పాత్రలను ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచవలెను. కాయ ఒలిచే యంత్రంలో పైపొర చిట్లిన గింజలు నిల్వ దోషం లేకున్నా అధిక విలువనిస్తాయి. అందుచేత నమూనాలను చేతితో ఒలవడం మేలు. విత్తనశుద్ధి చేసిన గింజలు ఈ పరీక్షకు పనికిరావు; మందులోని లవణాలు కూడా నీటిలో కలుస్తాయి.

అన్వయం: రకాన్నిబట్టి, గింజ తేమనుబట్టి విలువలు మారుతాయి. కాబట్టి ఒకే అంకెను అన్నిటికీ హద్దుగా నిర్ణయించరాదు. ఒకే రకపు నమూనాలను పోల్చి, అధిక వాహకత గలవాటికి ముందుగా మొలక పరీక్ష జరపవలెను. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పరిధిలోని విస్తరణ శాస్త్రవేత్తలు ఆగస్టులోనే ఈ వడపోత చేపట్టినచో, బలహీన విత్తనం గల రైతు విత్తే అదనుకు ముందే వేరు విత్తనం సమకూర్చుకొనగలడు.