గుంట మీద పనికి వెళ్లే మర్రిపాడు పిల్లలకు

డి.సి.పల్లి వేలం కేంద్రానికి పొగాకు తోలే ఇళ్లలో పుట్టినవాళ్లకు బ్యారన్ కాపలా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆకు ఎక్కించిన రోజు నుంచి దించేదాకా ఇంచుమించు వారం పాటు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర మేలుకుని ఉండాలి. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే రంగు చెడుతుంది. అర్ధరాత్రి లేచి థర్మామీటర్ చూసే అలవాటు మన పిల్లలకు చిన్నప్పటి నుంచే ఉంది. రొయ్యల గుంట మీద కావలసింది ముందుగా ఆ అలవాటే.

వానలు సరిగా పడని ఏడు, పొగాకు గిట్టని ఏడు మన మండలం కుర్రాళ్లు ఆత్మకూరు, సంగం మీదుగా బస్సెక్కి ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు వైపు గుంటల మీద పనికి చేరుతుంటారు. నేనూ అలా చేరినవాణ్నే. మొదటి రోజు మేత ఎలా చల్లాలో, ఏరియేటర్ స్విచ్ ఎక్కడుందో చూపిస్తారు. జబ్బుల సంగతి ఎవరూ చెప్పరు, అది టెక్నీషియన్ చూసుకుంటాడంటారు. టెక్నీషియన్ వారానికో, పది రోజులకో వస్తాడు. తెల్లమచ్చ వైరస్ గుంటను తుడిచిపెట్టడానికి మూడు రోజుల నుంచి పది రోజులు చాలు. రోజుకు నాలుగు పూటలు ట్రే ఎత్తేది మీరే కాబట్టి, జబ్బు మొదట కనబడేది కూడా మీకే.

మందలో గొర్రెకు నలతగా ఉంటే అది వెనకబడుతుంది, తల వేలాడేస్తుంది, మనకు కళ్లకు కడుతుంది. రొయ్యకు ఆ సౌకర్యం లేదు. బతికినా చచ్చినా నీటి అడుగునే ఉంటుంది. చచ్చిన చేపలా పైకి తేలదు. గుంటలో ఏం జరుగుతోందో చూడటానికి మనకున్న కిటికీ చెక్ ట్రే ఒక్కటే. మేత వేసిన రెండు గంటలకు ట్రే ఎత్తినప్పుడు మేత మిగిలిందా లేదా అని మాత్రమే చూసి దించేయకండి. నాలుగు రొయ్యలను అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టండి. వీపు మీద తల నుంచి తోకదాకా పేగు నల్లటి గీతలా, ఎక్కడా తెగకుండా నిండుగా కనబడాలి. తల భాగంలో లివర్ ముదురు గోధుమ రంగులో ఉండాలి. పెంకు కింద కండ నిండుగా, గాజులా మెరుస్తూ ఉండాలి. మీసాలు పొడుగ్గా, తెగకుండా ఉండాలి. ట్రే కదిలించగానే ఎగిరి దూకాలి.

మొదటి పది రోజులు వీటన్నిటిలో మంచి రొయ్య ఎలా ఉంటుందో కళ్లకు పట్టించుకోండి. అది తెలిసినవాడికి చెడ్డది తనంతట తానే కనబడుతుంది.

పేగు ఖాళీగా ఉంటే రొయ్య మేత తినడం లేదు. పేగు తెల్లగా ఉండి, గాలివాటు మూలన నీటి మీద తెల్లటి దారాల్లాంటి రెట్టలు తేలుతుంటే దాన్ని వైట్ ఫీకల్ అంటారు. లివర్ పాలిపోయి ముడుచుకుంటే లోపల విబ్రియో బ్యాక్టీరియా పని మొదలైందని అనుమానించాలి. మొప్పలు నల్లబడితే అడుగున బురద కుళ్లిందని అర్థం. పెంకుకూ కండకూ మధ్య ఖాళీ ఏర్పడి పెంకు వదులైతే లూజ్ షెల్. తోక దగ్గర కండ తెల్లబడి, పట్టుకోగానే రొయ్య వంకరగా బిగుసుకుపోతే ఎక్కువగా పొటాషియం, మెగ్నీషియం లాంటి ఖనిజాల లోటు. రాత్రిపూట నీళ్లు కదిలిస్తే నీలిపచ్చగా మెరవడం చూడటానికి అందంగానే ఉంటుంది గానీ, అది మెరిసే విబ్రియో కావచ్చు. వెంటనే చెప్పాల్సిన విషయం.

అన్నిటికన్నా ఆలస్యంగా గుర్తుపట్టేది ఈహెచ్‌పీ. ఇందులో చావులు పెద్దగా ఉండవు. తొంభై రోజులు మేత తింటాయి, పెరగవు. ఒకే ట్రేలో చిటికెన వేలంత రొయ్య పక్కనే అగ్గిపుల్లంత రొయ్య కనబడుతుంది. ఇది థాయిలాండ్‌లో 2009లో పేరు పెట్టి నమోదు చేసిన సూక్ష్మ పరాన్నజీవి, దీన్ని పోగొట్టే మందు లేదు. సైజుల్లో తేడా నెల తిరగకముందే కనబడితే పీసీఆర్ పరీక్షకు పంపమని అడగండి. అప్పుడే తెలిస్తే మిగతా రోజుల మేత ఖర్చయినా మిగులుతుంది. పట్టుబడి అయ్యాక గుంటను పూర్తిగా ఎండబెట్టి, హెక్టారుకు 6 టన్నుల లెక్కన కాల్చిన సున్నం వేసి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12 దాటేలా చేయాలి. పైపైన నాలుగు బస్తాల సున్నం చల్లితే దీని బీజాలు చావవు.

ఇక తెల్లమచ్చ. 1994 నుంచి మన కోస్తాలో టైగర్ రొయ్యను ఊడ్చేసి, కోటీశ్వరుల్ని అప్పులపాలు చేసింది ఇదే. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చినా వైరస్ ఎక్కడికీ పోలేదు. తలపెంకు లోపలివైపు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల తెల్లటి చుక్కలు ఉంటాయి. కానీ చుక్కల కోసం ఎదురుచూడకండి. వనామీలో చాలాసార్లు చుక్కలు కనబడకుండానే ఒళ్లు ఎర్రబడి చచ్చిపోతుంది. ముందు మేత ఒక్కసారిగా తగ్గుతుంది, ఆ తర్వాత నీరసించిన రొయ్యలు పట్టపగలు గట్టు అంచుకు వస్తాయి. ఉన్నట్టుండి కాకులు, కొంగలు ఒకే గుంట మీద మూగుతుంటే వాటికి మనకన్నా ముందే తెలిసిందన్నమాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలూ చలీ కలిసి వచ్చే రోజుల్లో దీని బెడద ఎక్కువ.

నా రెండో పంటలో ఒక సాయంత్రం మూల గట్టు దగ్గర ఎర్రబడ్డ రొయ్యలు మూడు కనబడ్డాయి. చెబితే కొత్తవాడి చేతి మహిమ అంటారని భయపడి వాటిని పక్కకు విసిరేశాను. విసిరింది పక్క గుంట వైపు. మర్నాడు పదిహేను, ఆ మర్నాడు లెక్కలేదు. వారం తిరిగేసరికి రెండు గుంటలూ పోయాయి. ముందే చెప్పి ఉంటే మొదటి గుంట ఎలాగూ దక్కేది కాదేమో, రెండోది దక్కేది. ఆ రెండో గుంట మీద ఉన్న కుర్రాడికి ఆ ఏడు బోనస్ రాలేదు. ఇది రాయడానికి సగం కారణం అదే.

కాబట్టి ఒక్క రొయ్య ఎర్రగా కనబడినా ఫోన్ చేయండి. తర్వాత చేయాల్సినవి గుర్తుంచుకోండి. నీళ్లు పెట్టొద్దు, తీయొద్దు. ఆ గుంట వల, ట్రే, బకెట్, బూట్లు ఇంకో గుంటకు తీసుకెళ్లొద్దు. చచ్చినవాటిని గట్టు మీద వదలకుండా దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. అమ్ముడుపోయే సైజు ఉంటే యజమాని నీళ్లు బయటికి వదలకుండా వలతోనే పట్టుబడి చేయిస్తాడు. అలా పట్టినవి తినేవాళ్లకు భయం లేదు, ఈ వైరస్ మనుషులకు సోకదు. మిగిలిన నీటికి బ్లీచింగ్ వేసి, కనీసం వారం ఆపాకే తూము ఎత్తాలి. జబ్బు నీళ్లు బకింగ్‌హామ్ కాలువలోకో, కండలేరు క్రీక్‌లోకో వదిలితే, అవే నీళ్లు తోడుకునే పది ఊళ్ల గుంటలు మునుగుతాయి. రాత్రికి రాత్రి తూము ఎత్తమని ఎవరైనా మీకు చెబితే కుదరదనండి. అలా అనడం కష్టమని నాకు తెలుసు, అయినా అనండి.

వైరస్ కాని చాలా జబ్బులకు మొదటి వైద్యం గాలీ, ఆకలీ. నీటిలో ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గకూడదు, అది అడుగంటేది తెల్లవారుజామున మూడింటి నుంచి ఆరింటి మధ్య. ఆ వేళ రొయ్యలు నీటి పైకి వచ్చి తిరుగుతుంటే అది జబ్బు కాకపోవచ్చు, ఊపిరి అందకపోవడం. ఏరియేటర్లన్నీ వేసి, పొద్దుటి మేత ఆపేయండి. ట్రేలో మేత మిగిలినా, పేగు తెల్లబడినా ఆ పూటే మేత సగం చేయండి. మిగిలిన మేతే అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, విబ్రియోకు తిండి అవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్యలు పెంకు వదులుతాయి, అప్పుడు మేత తగ్గడం మామూలే. క్యాలెండర్ చూడకుండా కంగారుపడొద్దు. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండి, పొద్దుటికీ సాయంత్రానికీ అర పాయింటుకు మించి తేడా లేకుండా చూసుకుంటే సగం జబ్బులు గుంట దరికి రావు.

మన పిల్లలు కొందరు చెన్నై కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లోనూ పనిచేస్తుంటారు. వాళ్లకు ఒక మాట. ఉప్పునీటి తొట్టిలో చేప ఒంటిమీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే దాన్నీ వైట్ స్పాట్ అనే పిలుస్తారు. పేరు ఒకటే గానీ అది వైరస్ కాదు, క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. దానికి వైద్యం ఉంది. చేపను వేరే తొట్టిలోకి మార్చి, కిట్‌తో కొలుస్తూ రాగి మందు రెండు మూడు వారాలు వాడాలి. చేప లేకుండా అసలు తొట్టిని రెండు నెలలకు పైగా ఖాళీగా ఉంచాలి. ఆ రాగి మందు రొయ్యలు, పగడాలు ఉన్న తొట్టిలో పోస్తే అవి చచ్చిపోతాయి. రెండు వైట్ స్పాట్‌లనూ ఒకటే అనుకుని అక్కడి సీసా తెచ్చి గుంటలో పోయొద్దు.

మందుల సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. పేరు లేని తెల్లపొడి ప్యాకెట్ తెచ్చి మేతలో కలపమంటే, పేరు చెప్పమని అడగండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయోటిక్‌లు రొయ్యల సాగులో నిషేధం. వందకోట్ల పాళ్లలో ఒక పాలు మిగిలినా పరీక్షలో దొరికిపోతాయి. ఇలాంటివి పదేపదే దొరకబట్టే 2016లో యూరప్ మన సాగు రొయ్యల సరుకులో పదో వంతు బదులు సగాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. పైగా ఇవి వైరస్‌ను ఏమీ చేయలేవు. కలిపేది మీ చేతులతో, పీల్చేది మీరు.

ఆ చేతుల గురించి కూడా. బ్లీచింగ్, కాల్చిన సున్నం చల్లేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడండి, ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు అడిగి తీసుకోండి. బ్లీచింగ్‌ను ఇంకే మందుతోనూ కలపొద్దు. తడి కాళ్లతో ఏరియేటర్ వైరు ముట్టొద్దు, నీళ్లలో దిగేముందు మెయిన్ కట్టేయించండి. చలిగా ఉందని తలుపులేసుకుని జనరేటర్ గదిలో పడుకోవద్దు. ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

యజమాని ఊళ్లో లేకపోయినా అడగడానికి చోట్లున్నాయి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, ప్రతి మండలానికీ మత్స్యశాఖ మనిషి ఉంటాడు. పరీక్షకు పంపేటప్పుడు చచ్చి కుళ్లినవి కాకుండా, నీరసించి ఇంకా బతికి ఉన్నవి పట్టి ఇవ్వండి. చచ్చినవాటి నుంచి ఏ ల్యాబూ సరైన మాట చెప్పలేదు.

ఈసారి బయలుదేరేవాళ్లు సంచిలో ఒక టార్చి, ఒక చేతి భూతద్దం, ఒక నోటుపుస్తకం వేసుకోండి. ట్రే ఎత్తిన ప్రతిసారీ తేదీ, వేళ, మిగిలిన మేత, పేగు రంగు, చచ్చిన రొయ్యల లెక్క రాయండి. ఎవరికి ఎన్నింటికి ఫోన్ చేశారో కూడా రాయండి. పంట పోయిన రోజు కొత్తవాడి మీదికే మాట వస్తుంది, ఆ రోజు ఆ పుస్తకం తీసి చూపించండి.