డప్పు కాగితేనే దరువు

ఆసిఫాబాద్ చుట్టుపక్కల పెండ్లికి డప్పువాళ్లు వచ్చారంటే వస్తూనే కొట్టరు. ఓ పక్కన ఇంత ఎండుగడ్డి, నాలుగు పుల్లలు పోగేసి మంట పెడతారు. డప్పును ఆ సెగకు అటూ ఇటూ తిప్పుతారు. మధ్యమధ్య వేళ్లతో తట్టి వింటారు. మళ్లీ సెగ, మళ్లీ తట్టుడు. తోలు బిగిసి, అనుకున్న మోత పలికిందాకా డప్పు భుజానికెక్కదు. పెండ్లివాళ్లు ఎంత తొందరపెట్టినా ఆ పది నిమిషాలు మాత్రం వాళ్లు వదులుకోరు.

ఇంట్లో కూర్చుని పాటలు కడుతున్న మన పిల్లలకు నేను చెప్పాలనుకున్నది ఆ పది నిమిషాల గురించే.

ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఏ ఊరికి పోయినా ఇలాంటి పిల్లలు కనిపిస్తున్నారు. జానపదం కట్టి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు, వినాయక నిమజ్జనానికి డీజే మిక్స్ చేసేవాళ్లు, అక్కాచెల్లెళ్లు పాడితే బతుకమ్మ పాటకు తాళం కట్టేవాళ్లు. మంచంమీద ల్యాప్‌టాప్, పక్కన ఒక చిన్న మిడీ ప్యాడ్. రబ్బరు గళ్లు, నాలుగు నాబులు, యూఎస్‌బీ తీగ, అంతే.

అలాంటి తమ్ముడొకడు ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. నెలల తరబడి దాచుకున్న డబ్బుతో ప్యాడ్ కొన్నాడు. ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"అన్నా, ఎట్ల కొట్టినా ఒక్క తీరుగనే మోగుతుంది. మిషన్ లెక్క ఉంటుంది. ఇంకా మంచిది కొనాల్నా?"

ప్యాడ్ చూశాను. పక్కన 'ఫుల్ లెవల్' అని ఒక చిన్న బటన్, దాని లైటు వెలుగుతోంది. ఆ బటన్ నొక్కి ఉంటే మెల్లగా తాకినా గట్టిగా బాదినా ప్యాడ్ ఒకే బలం పంపిస్తుంది. దాన్ని ఆపి, "ఇప్పుడు కొట్టు తమ్మీ" అన్నాను. వేలికొసతో ఒకసారి, అరచేతి బరువంతా వేసి ఒకసారి కొట్టాడు. రెండు వేర్వేరు మోతలు వినబడ్డాయి. ఆ తర్వాత అరగంట మా ఇద్దరి మధ్య మాటల్లేవు, దరువే.

అతని చేతిలో లోపం లేదు, వస్తువులోనూ లేదు. రెండింటికీ మధ్య పరిచయం కుదరలేదు. మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతాం. రెండు వారాలు పని కుదరకపోతే "నాకు రాదు" అనుకుంటాం, లేదా "మంచి వస్తువు లేదు" అనుకుంటాం. మూడో మాట కూడా ఒకటుంది: "ఇంకా కాగలేదు." ఆ మాట అనుకోగలిగినవాడు నిలబడతాడు.

ప్యాడ్ లోపల జరిగేది ఏమిటో తెలిస్తే భయం సగం పోతుంది. ప్యాడ్‌లో శబ్దం ఉండదు. మీరు కొట్టినప్పుడు అది కంప్యూటర్‌కు కొన్ని అంకెలు పంపిస్తుంది, అంతే: ఏ గడి, ఎంత బలం, ఏ చానల్. గడికి 0 నుంచి 127 దాకా ఒక నంబరు, దెబ్బకు 1 నుంచి 127 దాకా ఒక బలం. ఆ బలాన్నే వెలాసిటీ అంటారు. శబ్దం కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌ది. మిడీ అనే ఈ అంకెల భాషకు 1983లో రూపం వచ్చింది. జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషీ, అమెరికాలో సింథసైజర్లు చేసిన డేవ్ స్మిత్ అందుకు పూనుకున్నారు. అప్పటిదాకా ఒక కంపెనీ వాయిద్యానికి ఇంకో కంపెనీ వాయిద్యం మాట సరిగా అర్థమయ్యేది కాదు. పోటీ కంపెనీలు ఒక్కమాట మీదికి రావడం వల్లే ఈరోజు ఆసిఫాబాద్‌లో కొన్న ప్యాడ్ ఏ ల్యాప్‌టాప్‌కు తగిలించినా పలుకుతోంది. వాళ్లిద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

ఇక మీ చేతి సంగతి. వెలాసిటీ అంకెలు తెరమీద కనిపించేలా పెట్టుకోండి. ఒకే గడిని ఇరవైసార్లు మెల్లగా, ఇరవైసార్లు మామూలుగా, ఇరవైసార్లు గట్టిగా కొట్టండి. వచ్చిన అంకెలు ఒక కాగితంమీద రాయండి. నేను మొదటిసారి రాసుకున్నప్పుడు, మెల్లగా కొట్టాననుకున్నవి కూడా 90 దాటి ఉన్నాయి. నా చెయ్యి బరువని ఆరోజే తెలిసింది. ఇంకొకరికి గట్టిగా కొట్టినా 80 దాటదు. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. చెయ్యి బరువైతే సున్నితత్వం తగ్గించండి, వెలాసిటీ కర్వ్‌ను 'హార్డ్' వైపు జరపండి. చెయ్యి తేలికైతే 'సాఫ్ట్' వైపు పెట్టండి. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన సెట్టింగ్ ఎవరో తెలియని మనిషి చేతిని ఊహించి పెట్టింది. దాన్ని మార్చుకోవడం తప్పేమీ కాదు. మన బలం ఎంతో మనం కొలుచుకోకుండా ఎదుటివాడి కొలతలో ఇమడాలని చూసినన్నాళ్లు ఏ పనిలోనూ సుఖం ఉండదు. చదువులో, ఉద్యోగంలో కూడా నేను చూసింది ఇదే.

ఏ గడిలో ఏ శబ్దం పెట్టాలన్నది ఆ తర్వాత. సాధారణంగా డ్రమ్ముల లెక్కలో 36 అంటే కిక్, 38 అంటే స్నేర్, 42 మూసిన హైహ్యాట్, 46 తెరిచిన హైహ్యాట్. ఇది విదేశీ డ్రమ్ సెట్టుకు కుదిరిన వరుస. మీరు కొట్టేది డప్పు అయితే ఈ వరుసకు కట్టుబడాల్సిన పని లేదు. డప్పు వాయించే మనిషి చేతులు చూడండి. కుడిచేతిలో పొట్టిగా, లావుగా సిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా సిటికెన పుల్ల. సిర్ర బరువు దెబ్బ వేస్తుంది, పుల్ల సన్నటి మాటలు పలికిస్తుంది. ప్యాడ్‌మీద కూడా అలాగే పంచండి. లోతైన దెబ్బలు కుడివేళ్ల కింద, సన్నవి ఎడమవేళ్ల కింద. అరచేత్తో నొక్కిపట్టిన దెబ్బను, తెరిచి వదిలిన దెబ్బను ఒకే చోక్ గ్రూపులో వేయండి. ఒకటి పలికితే రెండోది ఆగుతుంది, అసలు డప్పుమీద జరిగేదీ అదే. ఒక్కో దెబ్బను మూడు బలాల్లో రికార్డు చేసి, 50 లోపు మెత్తటిది, 95 దాకా నడిమిది, ఆపైన గట్టిది పలికేలా పొరలు పెట్టండి. ఒక సాయంత్రమంతా పడుతుంది. పట్టనివ్వండి.

ఆలస్యం అనే ఇంకో జబ్బు ఉంది. కొట్టాక కాసేపటికి మోగడం. దీనివల్ల ఎంతమంది తమకు తాళజ్ఞానం లేదని నమ్మి పక్కకు తప్పుకున్నారో! లెక్క చూడండి. సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని పోగుచేసుకునే బఫర్ 1024 శాంపిళ్లు ఉంటే, సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన, ఆ ఒక్క బఫరే దాదాపు 23 మిల్లీసెకన్లు తింటుంది. గాలిలో శబ్దం అంతసేపట్లో సుమారు ఎనిమిది మీటర్లు పోతుంది. అంటే మీరు కొట్టే డప్పు మీ ఒళ్లో కాకుండా ఎనిమిది మీటర్ల అవతల, వాకిట్లో ఉన్నట్టు. బఫర్‌ను 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లకు వస్తుంది, డప్పు మీ ముందుకొచ్చి కూర్చుంటుంది. విండోస్ అయితే ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ వేసుకోండి. ముఖ్యంగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేసి తీగ ఉన్నవి పెట్టుకోండి, బ్లూటూత్‌లో వచ్చే ఆలస్యం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు తీగ చూసుకోండి.

తీన్మార్ కొట్టేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మన దరువుల్లో చాలావాటికి మూడు, ఆరు లెక్కల నడక ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించేది నాలుగు లెక్కల గడుల కాగితం, అదే గ్రిడ్. దానిమీద తీన్మార్ కొట్టి, దెబ్బలను గ్రిడ్ గీతలకు సర్దే క్వాంటైజ్ నొక్కితే దెబ్బలు పక్కకు జరిగి, నడిచే మనిషి కుంటినట్టు అవుతుంది. పాటను 6/8లో పెట్టండి, లేదా గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చండి. గడి నొక్కిపడితే దెబ్బలు వరుసగా వేసే నోట్ రిపీట్ కూడా ట్రిప్లెట్‌లోనే ఉండాలి. క్వాంటైజ్ బలం నూరు శాతం వద్దు, సగం చాలు. మిగిలిన సగంలో మీ చెయ్యి ఉంటుంది, ఎగిరే వాళ్ల కాళ్లు వెతుక్కునేది దాన్నే.

కుదిరాక ప్రీసెట్‌గా సేవ్ చేయండి. ఆపైన నెలరోజులు గడులు మార్చకండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒక ఊళ్లో బరాత్ ఉందనగా ముందురాత్రి కొత్త శబ్దాలు దొరికాయని గడులన్నీ మార్చాను. మర్నాడు జనం ఎగురుతుంటే నా వేళ్లు పాత చోటికే పోయాయి. డప్పు పడాల్సిన చోట చప్పట్లు పడ్డాయి. పెండ్లికొడుకు మేనమామ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, ఆయన ఏమీ అనలేదు. వేళ్లకు జ్ఞాపకం ఉంటుంది, అది నిదానంగా పడుతుంది, దాన్ని గౌరవించాలి. రోజుకు ఇరవై నిమిషాలు, అదే వరుస, అవే గడులు.

ఎక్కువ గడులున్న ప్యాడ్ చూసి మనసు చిన్నబుచ్చుకోకండి. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ కంపెనీ తెచ్చిన ఎంపీసీ 60 అనే దరువుల పెట్టెలో ఉన్నది నాలుగు వరుసల్లో 16 గడులే. ఆ తరహా పెట్టెలమీద కొత్త సంగీతమే పుట్టింది. మీ ప్యాడ్‌కు ఎనిమిదే ఉంటే, రెండు బ్యాంకులు కలిపి పదహారు. ఒక దరువుకు అవి చాలు.

ఇక ఆ గడుల్లో నింపాల్సిన శబ్దం. ఇంటర్నెట్‌లో దొరికే శాంపిల్ ప్యాక్‌లు అందరి దగ్గరా ఉన్నాయి. మీ జిల్లాలో ఉన్నవి మాత్రం వాళ్ల దగ్గర లేవు. దీపావళి ముందు గోండు గూడేలలో దండారీ పండుగ మొదలవుతుంది. నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీ ఆటగాళ్లు కదులుతుంటే డోలు, గుమేల, పెప్రె, తుడుం కలిసి మోగుతాయి. జైనూర్ మండలం మర్లవాయికి చెందిన కనకరాజు గారు జీవితమంతా గుస్సాడీ ఆడి, పిల్లలకు నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకా ఆడుతున్నారు.

అయితే ఆ వాయిద్యాలు వాళ్లకు వట్టి వస్తువులు కావు, పూజ అందుకునేవి. దొంగచాటుగా ఫోన్ పెట్టి రికార్డు చేసుకుని రావద్దు. ముందు గూడెం పటేల్‌ను, పెద్దలను కలవండి. రాం రాం చెప్పి కూర్చోండి. ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ వాడతారో విప్పి చెప్పండి. వద్దంటే ఊరుకోండి, ఆ మోత మీది కాదు. సరేనంటే వాయించిన మనిషి పేరు పాట కింద రాయండి, ఆయనకు ఇవ్వాల్సింది ఆరోజే చేతికివ్వండి. కట్టిన పాటను మొదట వాళ్లకే వినిపించండి.

దండారీకి ముందే వెళ్లండి. పండుగ మొదలయ్యాక మీతో కూర్చుని మాట్లాడే తీరిక వాళ్లకు ఉండదు.