రిపేరు పని చదువు కాదా?

పదో తరగతి పిల్లాడు పాడైన ఇండక్షన్ స్టవ్‌ను విప్పుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. వాడే రేపు 'ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేరతా' అంటే అందరి మొహాలూ మాడిపోతాయి. రిపేరు పని చదువు అబ్బనివాళ్లదనీ, స్క్రూడ్రైవర్ పట్టినవాడు ఎదగడనీ మన ఇళ్లలో ఓ నమ్మకం పాతుకుపోయింది. అందుకే ఈఏపీసెట్‌లో ర్యాంకు రాకపోయినా అప్పోసప్పో చేసి, మేనేజ్‌మెంట్ కోటాలోనైనా కంప్యూటర్ సైన్స్ సీటు కొనాల్సిందేనంటారు. ఈ నమ్మకంలో పస ఎంతో తెలియాలంటే పెద్ద చర్చ అక్కర్లేదు. మైక్రోవేవ్ అవెన్ డిస్‌ప్లే చీకటైపోతే దాన్ని బాగుచేయడానికి ఎంత బుర్ర కావాలో చూస్తే చాలు.

బటన్ నొక్కితే బీప్ వస్తోంది, ప్లేటు తిరుగుతోంది, అన్నం వేడెక్కుతోంది, అంకెలు మాత్రం కనిపించడం లేదు. 'డిస్‌ప్లే పోయింది, బోర్డు మార్చాలి' అనేస్తాడు మామూలు మెకానిక్. పని తెలిసినవాడు ముందు అది ఏ రకం డిస్‌ప్లేనో చూస్తాడు. తమంతట తామే వెలిగే ఎల్‌ఈడీ అంకెలైతే వాటికి బ్యాక్‌లైటే ఉండదు, వెతకాల్సిన చోటు వేరు. ఎల్‌సీడీ అయితే ఫోను టార్చిని ఏటవాలుగా వేస్తాడు. టైము లీలగా కనిపించిందంటే ఎల్‌సీడీ, దాన్ని నడిపే చిప్పు బాగున్నట్టే, వెనక దీపం వెలగడం లేదంతే. ఇక తేలాల్సింది ఆ దీపంగా పనిచేసే ఎల్‌ఈడీ పోయిందా, దానికి కరెంటు అందడం లేదా అన్నది. మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి తాకిస్తే మంచి ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంది. కాకపోతే తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి, చౌక మీటర్లు కొన్ని అంత ఇవ్వలేవు. ఆ సంగతి తెలియనివాడు బాగున్న ఎల్‌ఈడీనే పోయిందనుకుంటాడు. ఎల్‌ఈడీ బాగుంటే రెసిస్టర్ ఓపెన్ అయిందా, ట్రాన్సిస్టర్ పోయిందా, వేడికీ ఆవిరికీ కనెక్టర్ దగ్గర డ్రై సోల్డర్ వచ్చిందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. అరకొర తెలిసినవాడు చేసే పని మరొకటుంది. ఓపెన్ అయిన రెసిస్టర్‌ను వైరు ముక్కతో షార్ట్ చేస్తాడు. దీపం మునుపటికన్నా జిగేల్మంటుంది, కస్టమరు మెచ్చుకుని డబ్బులిస్తాడు, కరెంటుకు అడ్డు లేక కొన్నాళ్లకే ఎల్‌ఈడీ మాడిపోతుంది. అక్కడ ఎంత రెసిస్టర్ పెట్టాలో లెక్క చిన్నదే: 5 వోల్టుల సప్లైలో 3 వోల్టులు ఎల్‌ఈడీకి పోగా మిగిలిన 2 వోల్టులను 20 మిల్లీయాంపులతో భాగిస్తే 100 ఓములు. మన పిల్లలు మార్కుల కోసం బట్టీపట్టే ఓమ్ నియమం ఇదే.

'ఇప్పుడెవరండీ రిపేరు చేయించేది, కంపెనీవాళ్లు బోర్డే మార్చేస్తారు కదా' అనే ఆక్షేపణలో నిజముంది. సర్వీస్ సెంటర్లలో చాలామటుకు జరిగేది అదే. బోర్డులు మార్చడం తప్ప ఏదీ నేర్చుకోని కుర్రాడికి అక్కడ ఎదుగుదల లేదన్నదీ నిజమే. కాల్‌కు ఇంతని లెక్కగట్టి, పెట్రోలు కూడా జేబులోంచే పోయించుకునే ఉద్యోగాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. కానీ వారంటీ దాటాక బోర్డు ధర విని నోరెళ్లబెట్టే ఇల్లాలికీ, ఆ మోడల్ బోర్డే దొరకడం లేదని చేతులెత్తేసే సర్వీస్ సెంటర్‌కూ మధ్య ఓ ఖాళీ ఉంది. పోయిన రెసిస్టర్ ఖరీదు ఒకటి రెండు రూపాయలు. కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతుంది. కస్టమరు డబ్బిచ్చేది దానికి కాదు, అది పోయిందని పట్టుకున్నందుకు. వస్తువును బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, ఆ ఏడాది చివర్లోనే పోర్టల్ కూడా తెరిచింది. దాంతో రాత్రికి రాత్రే అన్నీ మారిపోలేదు గానీ, గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది.

అసలు ప్రమాదం ఇంకోవైపు నుంచి వస్తోంది. ఈ పనికి గిరాకీ ఉందని తెలియగానే '45 రోజుల్లో చిప్ లెవెల్ రిపేరింగ్, ఉద్యోగం గ్యారంటీ' అనే ఫ్లెక్సీలు లేస్తాయి. ఫీజు ఒకటి, టూల్ కిట్ పేరుతో మరొకటి, సర్టిఫికెట్‌కు ఇంకొకటి. నెలన్నరలో సోల్డరింగ్ చెయ్యి కుదరడమే గొప్ప, లోపం పట్టే నేర్పు ఎక్కణ్నుంచి వస్తుంది? చేరేముందు తల్లిదండ్రులు అక్కడి బల్ల మీద ఏముందో చూడాలి. పాడైన బోర్డులు గుట్టగా పడి ఉన్నాయా, గోడకు వేలాడదీసిన చార్టులేనా? ఎంతమంది విద్యార్థులకు ఒక మీటరు? సంస్థ తానే బోర్డులో ఒక లోపం పెట్టి, 'కనుక్కో' అని విద్యార్థికి ఇస్తుందా? 'గ్యారంటీ'ని కాగితం మీద రాసిమ్మంటే ఏమంటారు? ఈ ప్రశ్నలకు తడబడే చోట ఒక్క రూపాయి కట్టొద్దు. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చంటూ లోను ఫారం ముందుపెట్టే చోటైతే గుమ్మం కూడా ఎక్కొద్దు.

నా మొగ్గు ప్రభుత్వ ఐటీఐ వైపు, లేదంటే పాలిటెక్నిక్ ఈసీఈ వైపు. రెంటికీ పది పాసై ఉండాలి, ఐటీఐ ట్రేడు రెండేళ్లు, పాలిసెట్‌తో వచ్చే డిప్లొమా మూడేళ్లు. ఐటీఐ అయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టయిపెండ్‌తో ఏడాది పనిచేస్తే అసలు చదువు అక్కడ మొదలవుతుంది. ఎంపిక చేసుకోగలిగితే ఇళ్లకు పంపే డీలర్ దగ్గర కాకుండా, బోర్డులు తయారుచేసే లేదా బాగుచేసే చోట చేరాలి. బీటెక్ మీద మోజు తీరని ఇంట్లోవాళ్లకు ఓ మాట: డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు, అప్పుడు మల్టీమీటర్ పట్టడం వచ్చిన ఇంజినీరు తయారవుతాడు. 'మరి సంబంధాలు ఎలా వస్తాయి' అని పదహారేళ్ల పిల్లాడి చదువు గురించి అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఇళ్లకు తిరిగే పని అమ్మాయిలకు కుదరదంటారు గానీ, బోర్డు రిపేరు బల్ల దగ్గర కూర్చుని చేసేది. అలాగని ఇదంతా చదివి, సర్క్యూట్ మీద ఆసక్తే లేనివాణ్ని తీసుకెళ్లి ఐటీఐలో పడేయడం కూడా పాత తప్పే. మూడు గంటలు వెతికినా లోపం దొరక్కపోతే విసుక్కోకుండా నాలుగో గంట కూర్చోగలడా లేదా అన్నది ముందు గమనించండి.

ఆ పరీక్షకు మైక్రోవేవ్ మాత్రం వద్దు. అందులో హైవోల్టేజ్ కెపాసిటర్ ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ప్రాణం తీసేంత కరెంటు దాంట్లో మిగిలి ఉండొచ్చు. దాన్ని డిశ్చార్జ్ చేయడం గురువు పక్కనుండి నేర్పాల్సిన పని, వీడియో చూసి నేర్చుకునేది కాదు. ఇంట్లో మూలపడ్డ రిమోట్, బ్యాటరీతో నడిచే కిచెన్ వేయింగ్ మెషీన్, వాటితో పాటు కాస్త మంచి మీటరు ఒకటి చేతికివ్వండి. వేయింగ్ మెషీన్ డిస్‌ప్లేకు బ్యాక్‌లైట్ ఉంటే మరీ మంచిది.