బీడుపడిన మడి

పఠనభాగములు: యెషయా 5:8, యెహోషువ 18:1-10, సామెతలు 24:30-34, లేవీయకాండము 25:35

పొలమునకు పొలము కలుపుకొనువారిని యెషయా ప్రవక్త గద్దించెను. ఇంగ్లండు దేశమునకును ఆ గద్దింపు తగియుండెను. 18, 19 శతాబ్దములలో అక్కడి ఊరుమ్మడి బీళ్లకు చట్టరీత్యా కంచెలు పడగా, ఆవును మేపుకొను చోటులేక అనేకమంది పేదలు కూలిమీదనే బ్రతుకవలసివచ్చెను. పోయినదానిలో కొంచెము తిరిగి వారి చేతికి వచ్చిన మార్గములలో ‘ఎలాట్‌మెంటు’ తోటలొకటి. నేలను మడులుగా విభజించి కుటుంబములకు స్వల్పమైన కౌలుకిత్తురు. కొన్ని ఊళ్లలో చర్చి మాన్యములనే ఇట్లు పంచిరి. 1908 నాటి చట్టము ఈ బాధ్యతను స్థానిక కౌన్సిళ్లమీద ఉంచినది; ఆరుగురు స్థానికులు వ్రాతమూలముగా అడిగినచో ఆ మనవిని ఆలోచించి తీరవలెను. మడి కొలత వాడుకగా 10 రాడ్లు, అనగా మన లెక్కకు ఆరుంబావు సెంట్లు. పంట ముఖ్యముగా ఇంటివారి భోజనమునకే గాని వ్యాపారమునకు కాదు.

మన సంఘములలో ఎవరైనను ఆవరణములోని ఖాళీ నేలను ఇట్లు పంచదలచినచో, ముందు కొలిపించి తరువాత చీట్లు వేయుట మేలు. షిలోహులో యెహోషువ ఆ క్రమముననే చేసెను. బావిదగ్గరి మడి పెద్దగారికే పోయెనను గొణుగుడు దీనివలన తగ్గును (బొత్తిగా పోవునని చెప్పజాలము). నీటి వంతులు మాత్రము కాగితముమీద ఉండవలెను.

అసలు చిక్కు ఒక మడి బీడుపడినప్పుడు వచ్చును. అందులోని కలుపు విత్తనములు ప్రక్క మడులలో పడును. నేలకొరకు వేచియున్నవారు చూచుచుందురు. సామెతలలోని జ్ఞాని ముండ్లతో నిండిన చేనును చూచి, దాని యజమానుని సోమరియనెను. అతడు ఆ మనుష్యుని ఎరిగియుండెనేమో. మనము కంచె ఇవతలనుండి చూచి ఆ పేరు పెట్టవచ్చునా? జ్వరముతో మంచమెక్కినవాని మడిలోను అదే తుంగ మొలచును గదా!

కాబట్టి నోటీసుకు ముందు ఇద్దరు పెద్దలు ఆ ఇంటికి వెళ్లవలెను. రోగమో, మరణమో కారణమైనచో ఇరుగుపొరుగువారు వంతులవారీగా ఒక పంటకాలము సాగుచేసి, ఫలమును ఆ ఇంటికే చేర్చవలెను. చెయ్యి సడలిన సహోదరుని ఆదుకొనుమను లేవీయకాండపు ఆజ్ఞకు అర్థమిదియే. ఆరోగ్యముండియు చేయనివానికి గడువు చెప్పి, తీరిన దినమున మడిని తరువాతివానికి అప్పగింపవలెను. మన సంఘములకు కష్టమైనది ఈ రెండవదే. సభ్యుడు అలుగునని, కానుక మానునని జంకుదుము. ఆ జంకునకు కనికరమని పేరు పెట్టుదుము. దాని వెల చెల్లించునది వరుసలో నిలిచియున్న పేదవిధవరాలు.

మరుసటి యేట చీట్లు వేయునప్పుడు, మడి పోగొట్టుకొన్నవాడు అడిగినయెడల అతని పేరును కూడ వేయవచ్చును.