పొత్తు కుదరని ఫైబరు డబ్బాలు: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: రోడ్డు మీద మాకు ఎరువుల అంగడి ఉంది. మూడు వందల మీటర్ల అవతల గోడౌను. కేబుల్ ఆయనతో రెండు కోర్ల డ్రాప్ కేబుల్ లాగించినాం. హైదరాబాదులో ఏదో ఆఫీసు మూసేస్తుంటే రెండు స్విచ్‌లు, వాటి ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లతో సహా చౌకగా తెచ్చుకున్నాం. రెండు పక్కలా పెట్టినా లింకు లైటు వెలగదు. ఎర్ర లైటు పెన్ను కొడితే మాత్రం అవతల బాగా కనపడతాంది. ఏం చేయాల సార్?
– ఒక వ్యాపారి, నందవరం

జవాబు: పెన్ను కాంతి అవతలికి వచ్చిందంటే తీగ తెగలేదని తేలింది, అంతవరకే. ఇప్పుడు మాడ్యూలు బయటికి లాగి లేబుల్ చదవండి. ‘ఎస్‌ఎక్స్’ అనో ‘850 నానోమీటర్లు’ అనో ఉంటుందని నా అనుమానం. ఆఫీసు భవనాల్లో అంతస్తుల మధ్య ఎక్కువగా వాడేది ఆ రకమే. అది మల్టీమోడ్ ఫైబరు కోసం చేసింది. ఆ ఫైబరులో కాంతి నడిచే గాజు దారి 50 లేదా 62.5 మైక్రాన్లు. మన ఊళ్లలో కేబుల్ వాళ్లు లాగేది సింగిల్‌మోడ్, దాని దారి సుమారు 9 మైక్రాన్లే. తూము నీళ్లను డ్రిప్పు పైపులోకి మళ్లించినట్టు, చాలా భాగం బయటే పోతుంది. కేబుల్ పొర మీద జీ.652డీ అనో జీ.657ఏ అనో అచ్చేసి ఉంటే అది సింగిల్‌మోడే, ఇక సందేహం అక్కర్లేదు.

కేబుల్ మార్చకండి, మాడ్యూళ్లు మార్చండి. రెండు చివరలకూ ‘1000బేస్-ఎల్‌ఎక్స్, 1310 నానోమీటర్లు, 10 కిలోమీటర్లు’ అన్న జత తీసుకోండి. మూడు వందల మీటర్లకు పది కిలోమీటర్ల సరుకు దండగ కదా అనిపిస్తుంది. కాదు, సింగిల్‌మోడ్‌లో చౌకగా సులువుగా దొరికేది అదే. దుకాణదారు ఇంకా మంచిదని 80 కిలోమీటర్ల రకం చూపిస్తే వద్దనండి. ఇంత దగ్గరలో దాని కాంతి అవతలి మాడ్యూలు తట్టుకోలేనంత ఎక్కువ.

ఇంకో రెండు చిక్కులు ముందే చెబుతాను. మాడ్యూలుకు ఉండేది చిన్న ఎల్‌సీ మూతి, కేబుల్ ఆయన కొట్టి ఇచ్చేది సాధారణంగా పెద్ద ఎస్‌సీ. మధ్యలో ఎల్‌సీ–ఎస్‌సీ ప్యాచ్ కార్డు కావాలి. రంగు కూడా చూడండి. ఆకుపచ్చ కనెక్టరు మొన ఎనిమిది డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలం దానికి ఆ వాలు ఉండదు. ఈ రెంటినీ ఎదురెదురుగా దూరిస్తే దూరతాయి, కానీ మధ్యలో సందు మిగిలి కాంతి పోతుంది, మొనలు గీసుకుపోతాయి కూడా. కాబట్టి నీలానికి నీలం, ఆకుపచ్చకు ఆకుపచ్చ. ఇక స్విచ్ సిస్కోది అయితే, చాలా మోడళ్లు వేరే కంపెనీ మాడ్యూలును గుర్తించి పోర్టు ఆపేస్తాయి. కొనేటప్పుడే ‘సిస్కో కోడింగ్’ చేసింది అడగండి. చౌక రకం స్విచ్‌లలో చాలావాటికి ఈ పట్టింపు లేదు.

ప్రశ్న: జిన్నింగ్ మిల్లులో గేటు దగ్గరి కాటా గదికీ ఆఫీసుకూ మధ్య ఒకే కోరు ఫైబరు, రెండు మీడియా కన్వర్టర్లు. ఒకటి కాలిపోతే ఆఫీసులో మిగిలినదాన్ని చూపించి, అచ్చం అలాంటిదే తెచ్చినాం. పనిజేయలేదు.
– గుమాస్తా, ఆదోని

జవాబు: అచ్చం అలాంటిది తేవడమే తప్పయింది. ఒకే కోరు మీద రాకపోకలు రెండూ జరగాలంటే ఒకరు 1310లో పంపి 1550లో వినాలి, అవతలివారు 1550లో పంపి 1310లో వినాలి. అందుకే అవి ‘ఏ’, ‘బీ’ అని జతగా అమ్ముతారు. మీ దగ్గర ఇప్పుడు రెండు ‘ఏ’లు ఉన్నట్టున్నాయి. ‘బీ’ తెచ్చేటప్పుడు వేగం కూడా సరిచూడండి. వంద మెగాబిట్ల డబ్బాకూ గిగాబిట్ డబ్బాకూ ఫైబరు వైపు పొసగదు. మొదటిది పిడుగుపాటుకు కాలి ఉంటే కారణం గాజు కాదు, గాజులో కరెంటు పారదు. కరెంటు లైను వైపో, కాటా నుంచి వచ్చే రాగి తీగ వైపో వెతకండి. డ్రాప్ కేబుల్‌కు తోడుగా ఉండే ఉక్కు తీగను గది బయటే కత్తిరించేయండి, డబ్బా దాకా తేవద్దు.

ప్రశ్న: చిన్న ఆపరేటరును. ఆన్‌లైన్‌లో చౌకగా, ఇళ్లలో పెట్టే ఓఎన్‌యూ డబ్బాలు ఇరవై తెప్పించినాను. మీటరులో మైనస్ 21 చూపిస్తాంది, మా సెంటరులోని ఓఎల్‌టీలో మాత్రం ఒక్కటీ రిజిస్టరు కాలేదు. ఇంకోటి: ఎమ్మిగనూరు వైపు 12 కిలోమీటర్ల లైను చివర, 1:8 స్ప్లిటరు కింద మళ్లీ 1:8 పెట్టినాను. చివరి ఇళ్లలో తరచూ ఎర్ర లైటే.
– నందవరం మండలం

జవాబు: మీటరు రీడింగు బాగుండి రిజిస్టరు కాలేదంటే, మొదట అడగాల్సింది జీపాన్ డబ్బాలా, ఈపాన్ డబ్బాలా అని. రెండూ 1490లో కిందికి, 1310లో పైకి పంపుతాయి. మీటరుకు తేడా తెలియదు, అది కాంతిని కొలుస్తుందే గానీ భాషను కాదు. జీపాన్ కిందికి 2.488 గిగాబిట్లు, పైకి 1.244. ఈపాన్ రెండు వైపులా 1.25. ఓఎల్‌టీ ఏదైతే ఓఎన్‌యూ అదే కావాలి. ‘ఎక్స్‌పాన్’ అని రాసి ఉన్నవి రెంటికీ సర్దుకుంటాయి. రకం సరిపోయినా సీరియల్ నంబరు ఓఎల్‌టీలో ఎక్కించాలి, ప్రొఫైలు ఇవ్వాలి. అయినా కొన్ని కంపెనీల ఓఎల్‌టీలు పరాయి డబ్బాకు ఇంటర్నెట్ ఇస్తాయి గానీ వైఫై సెట్టింగులు పైనుంచి మార్చనివ్వవు. ఒక్కటి తెప్పించి, వారం నడిపి, తర్వాత ఇరవై కొనాల్సింది.

ఏపీ ఫైబర్‌నెట్ సంగతి కూడా ఇలాంటిదే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ సర్వీసులో కరెంటు స్తంభాల మీదుగా ఇంటికి వచ్చే ఫైబరు ఒకటే, టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ దానిమీదే. అక్కడ డబ్బా వాళ్ల నెట్‌వర్కులో నమోదై ఉండాలి. బజారులో కొన్నది తగిలించి ‘రావట్లేదు’ అని మీ కస్టమర్లు అంటే, తప్పు తీగది కాదు.

ఇక చివరి ఇళ్ల ఎర్ర లైటుకు లెక్క వేద్దాం. 1:8 స్ప్లిటరు ఒక్కోటి సుమారు పదిన్నర డీబీ తింటుంది, రెండూ కలిసి 21. పన్నెండు కిలోమీటర్లకు 0.35 చొప్పున 4.2. ఆరు కనెక్టర్లకు 0.3 చొప్పున 1.8. మొత్తం 27. బీ ప్లస్ మాడ్యూలుకు ఉన్న తాహతు 28 డీబీ. ఒక్క డీబీ మిగులుతో లైను నడపడం సాహసమే. కనెక్టరు మీద దుమ్ము పడినా, స్తంభం దగ్గర తీగ మెలిక తిరిగినా అయిపోయింది. కనీసం మూడు డీబీలు చేతిలో ఉండాలి. రెండో స్ప్లిటరును 1:4కు దించితే ఇంకో మూడు డీబీల దాకా కలిసొస్తాయి. ఇళ్లు తగ్గించుకోలేనంటే ఓఎల్‌టీ పోర్టుకు 32 డీబీల సీ ప్లస్ మాడ్యూలు వేయండి, అయితే మీ ఓఎల్‌టీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు అడగండి. నేనైతే స్ప్లిటరు మార్చడానికే మొగ్గుతాను. ఏది మార్చినా కనెక్టరు మీది దుమ్ము మాత్రం అలాగే ఉంటుంది.

ప్రశ్న: అంగట్లో టేబుల్ మీద ఓఎల్‌టీ నుంచి నేరుగా ఓఎన్‌యూకు పెట్టి చూస్తే రాలేదు, ఊర్లో పెడితే వచ్చింది. ఎందుకు?
– టెక్నీషియను, ఎమ్మిగనూరు

జవాబు: కాంతి ఎక్కువై. బీ ప్లస్ మాడ్యూలు ఉన్న ఓఎల్‌టీ నుంచి ప్లస్ 1.5 నుంచి ప్లస్ 5 డీబీఎం దాకా వస్తుంది, ఓఎన్‌యూ తట్టుకునేది మైనస్ 8 దాకానే. ఎక్కువసేపు అలా ఉంచితే రిసీవరు పాడయ్యే ప్రమాదమూ ఉంది. పరీక్షకని 1:32 స్ప్లిటరు ఒకటి టేబుల్ మీదే ఉంచుకోండి. అదే పదిహేడు డీబీలదాకా తగ్గిస్తుంది, వేరే అటెన్యుయేటరు కొనే పనిలేదు. వాడని మూతులకు టోపీలు పెట్టండి, తీగ కొనను కంటికి ఎదురుగా పట్టి చూడకండి. ఆ కాంతి కనపడదు, పెన్ను లైటులా హెచ్చరించదు.